350 అని చూపిస్తోంది, లెడ్డు మాత్రం కరగదు

బోర్డు మీంచి ఛార్జింగ్ ఐసీ (చిప్) ఒకటి లేపుతున్నాను. చుట్టూ ఫ్లక్స్ (అతుకు బాగా కరిగి పారేందుకు పూసే జిగట పదార్థం) పెట్టి, పక్కనున్న ప్లాస్టిక్ కనెక్టర్‌కు వేడికి తట్టుకునే కాప్టన్ టేపు చుట్టి, వేడి గాలి ఊదే స్టేషన్‌ను, అంటే బ్లోయర్‌ను, 350 మీద పెట్టి పట్టుకున్నాను. మామూలుగా నలభై యాభై సెకన్లలో ఐసీ అంచున సన్నని మెరుపు కనిపిస్తుంది, పట్టకారుతో తాకితే కదులుతుంది. ఆ రోజు నిమిషంన్నర దాటినా లెడ్డు, అంటే ఐసీని బోర్డుకు అతికించే సోల్డర్, కరగలేదు, చలనం లేదు. నా దగ్గర పని నేర్చుకుంటున్న కుర్రాడు పక్కనే నిలబడి చూస్తున్నాడు. "అన్నా, 350 చూపిస్తోంది కదా, మరెందుకు కరగట్లేదు?" అన్నాడు. బోర్డులో గ్రౌండ్ రాగి పొర మందంగా ఉంది, వేడి లాగేస్తోంది అని చెప్పి 400 చేశాను. తర్వాత 430. చివరికి పట్టకారుతో కాస్త బలం పెట్టాను. ఐసీ వచ్చింది, దాంతోపాటు అది అతుక్కునే మూడు రాగి ప్యాడ్లూ బోర్డు నుంచి ఊడి వచ్చాయి.

సన్నని తీగతో జంపర్లు వేసి ఆ బోర్డును బతికించాను. కానీ కుర్రాడు అడిగింది సరైన ప్రశ్న, నేను చెప్పింది తప్పు జవాబు. అది ఆ సాయంత్రం తేలింది.

పని ముగిశాక మల్టీమీటర్‌కు విడిగా ఉన్న, వేడి కొలిచే కె టైపు ప్రోబ్ తగిలించి నాజిల్ ముందు పట్టాను. దూరం 10 మిల్లీమీటర్లు, గాలి నాబ్ సగం దగ్గర, రెండు నిమిషాలు ఆగాను. డిస్‌ప్లే మీద 350. మీటర్ మీద 262. నాజిల్ నోటికి సెంటీమీటరు దూరంలో కొంత తగ్గడం సహజమే, బయటి చల్ల గాలి వచ్చి కలుస్తుంది. అయినా మంచి రోజుల్లో ఇదే కొలతకు 315కు పైనే వచ్చేది. అంటే యాభై డిగ్రీలకు పైగా తేడా. మనం అలవాటుగా లెడ్డు అంటాం గానీ ఇప్పటి బోర్డుల్లో చాలావాటికి సీసమే ఉండదు. పాత 63/37 (తగరం 63, సీసం 37) మిశ్రమం 183 డిగ్రీలకు కరిగేది, సీసం లేనిది 217 నుంచి 220 అడుగుతుంది. 262 డిగ్రీల గాలితో, మందమైన రాగి పొరలున్న బోర్డు మీద, ఐసీ కింది ప్యాడ్లన్నీ 220 చేరాలంటే ఎలా చేరతాయి?

స్టేషన్ డిస్‌ప్లే మీద వచ్చే అంకె గాలి వేడి కాదు. హ్యాండిల్ లోపల, హీటర్ చివర ఉన్న సెన్సార్ ముడి ఎంత వేడెక్కిందో ఆ అంకె. సెన్సార్ అంటే క్రోమెల్, అల్యూమెల్ అనే రెండు తీగలను ఒక చివర కలిపి అతికించిన ముడి, అంతే. ముడికీ అవతలి చివరకీ మధ్య ఉన్న తేడాలో డిగ్రీకి దాదాపు 41 మైక్రోవోల్టులు పుడతాయి. ముడి దగ్గర 350, గదిలో 25 ఉంటే మొత్తం 13.3 మిల్లీవోల్టులు. ఈ చిన్న వోల్టేజీని ఆప్ ఆంప్ పెంచుతుంది, మైక్రోకంట్రోలర్ చదువుతుంది, డిస్‌ప్లే చూపిస్తుంది. ముడి తప్పు చోట ఉంటే దాని తర్వాతి భాగాలన్నీ సక్రమంగా పనిచేస్తూనే తప్పు అంకె చూపిస్తాయి.

ప్లగ్గు పీకి, పూర్తిగా చల్లారాక హ్యాండిల్ విప్పాను. మధ్యలో గాలి దారిలో తేలుతూ ఉండాల్సిన ముడి ఒక పక్కకు వంగి, హీటర్ చుట్టకు ఆనుకున్న అభ్రకం రేకును తాకుతోంది. చుట్ట ఎర్రబడితే ఆ వేడి నేరుగా ముడికి తగులుతుంది. గాలి ఇంకా 300 కూడా చేరకముందే సెన్సార్ 350 అయిందంటుంది, కంట్రోలర్ కరెంటు తగ్గించేస్తుంది. ఆ ముడిని అలా వంచింది నేనే. అంతకు రెండు నెలల ముందు హీటర్ మార్చాను. కొత్త హీటర్‌ను గొట్టంలోకి తోసేటప్పుడు తీగ ఎటు పోతోందో చూడలేదు, బిగించాక విడి ప్రోబ్‌తో కొలవనూ లేదు. వెలిగింది, 350 చూపించింది, పనిలో పడిపోయాను.

ముడిని నిటారుగా చేసి, చుట్ట చివరకు రెండు మూడు మిల్లీమీటర్ల అవతల గాలి మధ్యలో ఉండేలా పెట్టాను. మళ్లీ కొలిస్తే 306. మిగిలిన పది పన్నెండు డిగ్రీలను క్యాలిబ్రేషన్ ప్రీసెట్ (అంకెను సరిదిద్దే చిన్న నాబ్) కాస్త తిప్పి సరిచేశాను. ముడి సరైన చోట ఉందని తేలకముందే ప్రీసెట్ మీద చెయ్యి వెయ్యకండి. ఒక గాలి వేగం దగ్గర అంకె కుదురుతుంది, నాబ్ మార్చగానే మళ్లీ తప్పుతుంది.

హీటర్ మార్చేవాళ్లకు ఇంకో సంగతి. కొత్త హీటర్‌తో వచ్చే సెన్సార్ తీగల రంగులు ఒక్కో తయారీలో ఒక్కోలా ఉంటాయి, రంగు చూసి కలపకండి. చిన్న అయస్కాంతం దగ్గర పెట్టండి. అల్యూమెల్ అతుక్కుంటుంది, అది నెగెటివ్. క్రోమెల్ అతుక్కోదు. తారుమారుగా కలిపితే వేడి పెరిగేకొద్దీ అంకె తగ్గుతుంది. కంట్రోలర్ ఇంకా చాలలేదనుకుని హీటర్‌కు పూర్తి కరెంటు ఇస్తూనే ఉంటుంది. అందుకే మొదటిసారి వెలిగించేటప్పుడు 150 పెట్టి, గాలి నిండుగా ఇచ్చి, వేలు స్విచ్ మీదే ఉంచుతాను. అంకె పైకి వెళ్తోందని చూశాకే చెయ్యి తీస్తాను. కొత్త హీటర్ మొదటి కొద్ది నిమిషాలు కాస్త పొగ వస్తుంది, ఇన్సులేషన్‌లోని జిగురు కాలడం అది. ఆ తర్వాత ఆగిపోవాలి.

అసలు పాత హీటర్ ఎందుకు పోయిందో చెబితేనే ఈ కథ పూర్తవుతుంది. నా స్టేషన్ హ్యాండిల్‌లోనే ఫ్యాన్ ఉండే రకం. హీటర్ 230 వోల్టులకు 700 వాట్లు, కాబట్టి మీటర్ మీద 75 ఓమ్‌ల చుట్టుపక్కల చూపించాలి. నిక్రోమ్ తీగ నిరోధం వేడితో పెద్దగా మారదు, చల్లగా ఉన్నప్పుడు కొలిచినా నమ్మొచ్చు. పాత హీటర్ ఓపెన్ చూపించింది. బయటికి లాగి చూస్తే చుట్ట ఒక పక్కనే నల్లబడి, అక్కడే తెగింది. వయసైపోయి కాలిపోతే అంతటా ఒకేలా పెళుసెక్కుతుంది. ఒక పక్కనే కాలిందంటే ఆ పక్క గాలి అందలేదని అర్థం.

ఫ్యాన్ వైపు మూత తీశాను. గాలి పీల్చుకునే చీలికల మీద దుమ్మూ ఫ్లక్స్ పొగా కలిసి మెత్తని పొరలా పేరుకుంది. ఫ్యాన్ రెక్కల మీదా అదే. ఫ్లక్స్ ఆవిరి జిగటగా ఉంటుంది, దాని మీద వాలిన దుమ్ము ఊదితే పోదు. మెత్తని బ్రష్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి, రెక్కలు చేత్తో పట్టుకుని తుడవాలి. పట్టుకోకుండా కంప్రెసర్ గాలి కొడితే ఫ్యాన్ అదుపులేని వేగంతో తిరిగి బేరింగ్ పాడవుతుంది. శుభ్రం చేశాను, గాలి పెరిగింది. కానీ మొదట్లో ఉన్నంత ఊపు రాలేదు, నాబ్ చివరిదాకా తిప్పినా చిన్న గురగుర మోత మిగిలింది.

అక్కడ ఆగిపోయుంటే కొత్త హీటర్ కూడా అదే దారి పట్టేది. ఫ్యాన్ తీగల దగ్గర వోల్టేజీ కొలిచాను. 24 ఉండాల్సింది 19. మీటర్‌ను ఏసీకి మార్చి అదే చోట పెడితే 3 వోల్టుల దాకా అల. లెక్క చూడండి: ట్రాన్స్‌ఫార్మర్ సెకండరీ 18 వోల్టులు, 1.414తో హెచ్చిస్తే 25 చిల్లర, ఏసీని డీసీ చేసే బ్రిడ్జి డయోడ్లలో 1.4 పోతే 24. ఆ 24ను అలలు లేకుండా నిలబెట్టాల్సింది ఫిల్టర్ కెపాసిటర్. 1000 మైక్రోఫారడ్ అని ఒంటి మీద రాసి ఉంది, విప్పి కొలిస్తే 310. పైభాగం ఉబ్బలేదు, కారలేదు, చూపుకు కొత్తదానిలాగే ఉంది. ఎండిపోయింది. వేడి పుట్టించే పెట్టెలో, ట్రాన్స్‌ఫార్మర్ పక్కనే ఏళ్ల తరబడి ఉంటే ఎండక ఏం చేస్తుంది! 35 వోల్టుల, 105 డిగ్రీల రకం వేశాను. అల వోల్టులోపుకి దిగింది, గురగుర పోయింది.

గాలి మీద ఇంతసేపు ఆగడానికి కారణం ఉంది. ఈ యంత్రంలో హీటర్ ప్రాణం గాలి చేతిలో ఉంది. చుట్టలో పుట్టిన వేడిని గాలే మోసుకుపోవాలి. గాలి మందగిస్తే ఆ వేడి సెన్సార్‌కు ఆలస్యంగా చేరుతుంది, ఆలోపు తీగ ఎర్రగా కాలిపోతూ ఉంటుంది. సన్నని నాజిల్ పెట్టి, గాలి బాగా తగ్గించి, వేడి 450 దగ్గర ఉంచి గంటలు పనిచేస్తే ఎంత మంచి హీటరైనా తట్టుకోలేదు. చిన్న ఐసీకి సన్నని నాజిల్ కావాలి, పక్క భాగాలు ఎగిరిపోకుండా గాలి తగ్గాలి, నిజమే. అలాంటప్పుడు వేడి కూడా తగ్గించి, బోర్డు కింద ప్రీహీటర్ పెట్టుకుంటాను. బోర్డు ముందే 120, 130 డిగ్రీల్లో ఉంటే పైనుంచి 340 చాలు, హీటర్‌కూ ప్యాడ్లకూ మేలు.

వేడి ఆగకపోవడం ఇంకో రకం జబ్బు, ఇది ప్రమాదకరమైనది. మూడేళ్ల కిందట ఒక ఉదయం 300 పెట్టి వెలిగిస్తే అంకె 300 దాటి, 350 దాటి, 420కి పోతోంది. సెట్టింగ్ 100కి దించినా ఆగలేదు. స్విచ్ ఆపితే గాలి కూడా ఆగి హ్యాండిల్ కరిగిపోతుంది, ఆపకపోతే హీటర్ కాలుతుంది. గాలి నాబ్ చివరికి తిప్పి, ఏమీ అడ్డులేని ఖాళీ వైపు పట్టుకుని, ఆపై పవర్ తీశాను. హ్యాండిల్ మెడ కొంచెం మెత్తబడింది గానీ నిలిచింది.

విప్పి ట్రయాక్ కొలిచాను, హీటర్‌కు కరెంటు ఇచ్చి ఆపే స్విచ్‌లాంటి భాగం అది. దాని రెండు ప్రధాన కాళ్లు ఎంటీ1, ఎంటీ2 మధ్య మీటర్ బీప్ కొట్టింది, అంటే షార్ట్. ట్రయాక్‌లు చచ్చిపోతే ఎక్కువగా ఇలాగే షార్ట్ అవుతాయి. అప్పుడు కంట్రోలర్ ఎంత మొత్తుకున్నా హీటర్‌కు కరెంటు పోతూనే ఉంటుంది. మార్చేటప్పుడు ఆంపియర్లూ వోల్టులూ చూస్తే చాలదు, వెనక రేకు సంగతి చూడాలి. బీటీఏ అని మొదలయ్యే రకంలో రేకుకు లోపల ఇన్సులేషన్ ఉంటుంది. బీటీబీ రకంలో ఉండదు, రేకు ఎంటీ2కు కలిసి ఉంటుంది. ఇన్సులేషన్ లేనిదాన్ని ఎర్త్‌కు కలిసిన హీట్‌సింక్‌కు మైకా వాషర్ లేకుండా బిగిస్తే, వెలిగించిన క్షణంలో ఫ్యూజు పోవచ్చు. హీట్‌సింక్‌కు ఎర్త్ లేకపోతే ఇంకా ఘోరం, అది కరెంటుతో నిండి మన చెయ్యి కోసం ఎదురుచూస్తూ ఉంటుంది. నేను బీటీఏ12, 600 వోల్టులది వేశాను. 230 వోల్టుల మెయిన్స్ శిఖరం 325 దాకా పోతుంది, కాబట్టి 400 రకం మీద నాకు నమ్మకం లేదు. ట్రయాక్‌ను నడిపే ఆప్టోకప్లర్‌కూ అదే మాట: 3041 నంబరుది 400 వోల్టులు తట్టుకుంటుంది, 3061 నంబరుది 600. రెండోదే పెట్టాను.

ఆ రోజు పెట్టె తెరిచి ఉంది కదా అని మెయిన్స్ తీగలు కూడా పరిశీలించాను. ప్లగ్గు పీకి, స్విచ్ ఆఫ్‌లో ఉంచి, ప్లగ్గు ఫేజు కాలు నుంచి హీటర్ తీగ దాకా కంటిన్యుటీ చూశాను. బీప్ వచ్చింది! స్విచ్చూ ఫ్యూజూ రెండూ న్యూట్రల్ మీద ఉన్నాయి. అన్నేళ్లూ నేను స్విచ్ ఆపి, ఆగిపోయిందనుకుని హ్యాండిల్ చేత్తో పట్టుకుంటే, లోపలి హీటర్‌కు ఫేజు తగిలే ఉంది. ఇలా తయారుచేసి అమ్మేవాళ్ల మీద నాకు ఇప్పటికీ కోపమే. రెండు తీగలనూ ఒకేసారి తెంచే డబుల్ పోల్ స్విచ్ వేసి, ఫ్యూజును ఫేజు మీదికి మార్చాను. ఈ పనికి పట్టింది ఇరవై నిమిషాలు. మీ స్టేషన్‌ను ఒక్కసారి విప్పి ఇది చూడండి, దయచేసి.

ఎర్త్ సంగతి వేరేగా తెలిసింది. కొన్నాళ్లు నేను బోర్డుల్లో పెట్టిన మాస్‌ఫెట్‌లు (గేటు అనే కాలితో నడిచే ట్రాన్సిస్టర్లు) కారణం లేకుండా చచ్చిపోయేవి. బాగానే కొలిచి పెడతాను, బోర్డు వెలగదు, విప్పి కొలిస్తే గేటు లీక్. సరుకు మంచిది కాదనుకున్నాను. ఒకరోజు నాజిల్‌కూ ఎర్త్‌కూ మధ్య ఏసీ కొలిస్తే 78 వోల్టులు. అందులో కరెంటు చాలా తక్కువ, చేతికి తెలియను కూడా తెలియదు. కానీ మాస్‌ఫెట్ గేటు తట్టుకునేది సాధారణంగా 20 వోల్టులే. హ్యాండిల్ లోపల గొట్టానికి పోవాల్సిన ఎర్త్ తీగ క్రింప్ దగ్గర వదులై ఊడింది. వేడికి కరిగిపోతుంది కాబట్టి అక్కడ సోల్డర్ పనికిరాదు, కొత్త లగ్గు వేసి స్క్రూతో బిగించాను. ఇప్పుడు ప్లగ్గు ఎర్త్ కాలికీ నాజిల్‌కూ మధ్య ఓమ్ లోపే. ఆ తర్వాత గేట్లు అలా పోవడం ఆగింది.

చిన్నచిన్నవి ఇంకా ఉన్నాయి. స్టాండ్‌లో అయస్కాంతం, హ్యాండిల్‌లో అయస్కాంతం దగ్గరికొస్తే పనిచేసే రీడ్ స్విచ్ ఉంటాయి, తగిలించగానే హీటర్ ఆగి, 100 లోపుకి దిగేదాకా ఫ్యాన్ మాత్రం తిరగాలి. నా అయస్కాంతం జిగురు ఎండి రాలిపోతే, స్టాండ్‌లో పెట్టినా 350 దగ్గర ఊదుతూనే ఉంది, పెయింటు మాడిన వాసన వస్తే గానీ గమనించలేదు. ఎపాక్సీతో అతికించాను. హ్యాండిల్ కేబుల్ మొదట్లో వంగే చోట లోపలి తీగలు తెగుతాయి. అంకె ఉన్నట్టుండి ఎగిరి దూకితే ముందు అక్కడ వంచి చూడాలి. నాజిల్ స్క్రూను చల్లగా ఉన్నప్పుడే విప్పాలి, వేడి మీద బిగిస్తే చల్లారాక పట్టేస్తుంది. నాజిల్ లోపల గడ్డకట్టిన ఫ్లక్స్‌ను ఐసోప్రొపైల్‌తో తుడిచి, పూర్తిగా ఆరాకే వెలిగించాలి, దాని ఆవిరి మామూలు గది వేడిలో కూడా నిప్పు తగిలితే అంటుకుంటుంది.

ఎక్కువసేపు పనిచేశాక వచ్చే తేడా గురించి ఒక్క మాట. చాలా స్టేషన్లలో సెన్సార్ అసలు తీగలు హ్యాండిల్ దాకానే, అక్కడినుంచి మామూలు రాగి తీగ. హ్యాండిల్ లోపల గది కంటే 15 డిగ్రీలు ఎక్కువ వేడెక్కితే సెన్సార్ అంత తక్కువ చెబుతుంది, కంట్రోలర్ అంత ఎక్కువ కాలుస్తుంది. పొద్దున కుదిరిన అంకెతో సాయంత్రం ప్లాస్టిక్ కనెక్టర్ ఎందుకు మెత్తబడిందో నాకు అలా అర్థమైంది. వరుసగా నాలుగైదు బోర్డులు చేశాక పది డిగ్రీలు తగ్గించుకుంటాను.

ఆ మూడు ప్యాడ్లు ఊడినప్పటి నుంచి స్టేషన్ పక్కన ఒక కాగితం అతికించి ఉంది. నెలకోసారి ఒకే కొలత: సెట్టింగ్ 350, గాలి సగం, 5 మిల్లీమీటర్ల నాజిల్, ప్రోబ్ 10 మిల్లీమీటర్ల దూరం, రెండు నిమిషాలు. ఇప్పుడు దాన్ని కుర్రాడే కొలిచి రాస్తున్నాడు. మొదటి వరుస 318. ఆ తర్వాత 317, 318, 316. నిన్న రాసింది 309. "అన్నా, హీటరా, సెన్సారా?" అని అడిగాడు. గాలి చీలికల మీద వేలు పెట్టి చూడమన్నాను. బూడిద రంగు మరక చూపించి, బ్రష్ కోసం వెళ్లాడు.